డానిష్ గ్యాంబిట్ వీడియో కోర్సు: నాలుగు నెలల సాధన తర్వాత

చదరంగంలో తెల్లపావులు చేతికొస్తే రాజు ముందు బంటును రెండు గళ్లు నడపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే అయినా, ఆ తర్వాత ఏ దారిలో వెళ్లాలన్నది చాలా ఏళ్లు తేలలేదు. ఇటాలియన్, స్పానిష్ ఆరంభాలను కొంతకాలం శ్రద్ధగానే ఆడాను గాని, పదిహేనో ఎత్తు వచ్చేసరికి బోర్డు మీద ఏమీ జరగకుండానే నా గడియారంలో సగం సమయం కరిగిపోయేది. ఆరంభంలోనే బంట్లను త్యాగం చేసి దాడికి దిగే డానిష్ గ్యాంబిట్ మీద తయారైన ఈ వీడియో కోర్సును నాలుగు నెలల కిందట తీసుకున్నది అందుకే. ఇందులో 11 పాఠాలు ఉన్నాయి. మొత్తం నిడివి సుమారు 6 గంటలు. ప్రతి పాఠం చివర మనమే ఎత్తులు వేసి సాధన చేసుకోవడానికి తెరమీద ఒక బోర్డు ఉంటుంది. పాఠాలన్నీ రెండేసి సార్లు చూసి, అరవైకి పైగా ఆటల్లో ఈ ఆరంభాన్ని ప్రయోగించిన తర్వాతే ఈ సమీక్షకు కూర్చున్నాను.

కోర్సు సంగతికి వచ్చే ముందు, ఈ ఆరంభాన్ని ఎన్నడూ ఆడనివారి కోసం దాని నడక చెప్పాలి. గళ్లను నిలువు వరుసకు ఏ నుంచి హెచ్ వరకు అక్షరం, అడ్డ వరుసకు 1 నుంచి 8 వరకు అంకె కలిపి పిలుస్తారు. తెలుపు ఈ4, నలుపు ఈ5 వేసిన తర్వాత తెలుపు రెండో ఎత్తులోనే డీ4 వేస్తుంది; నల్లబంటు దాన్ని కొడుతుంది. తెలుపు మంత్రితో తిరిగి కొట్టకుండా సీ3 వేసి రెండో బంటును కూడా ముందుకు పెడుతుంది. నల్లబంటు దాన్నీ కొడితే తెల్లశకటు (బిషప్) సీ4కు వస్తుంది. నల్లబంటు ఇంకొక అడుగు వేసి బీ2లోని మూడో బంటును కొడుతుంది. అప్పుడు తెలుపు రెండో శకటు దాన్ని అక్కడే పట్టుకుంటుంది. లెక్క చూస్తే తెలుపు మూడు బంట్లు పోగొట్టుకుని ఒకటి రాబట్టుకుంది, అంటే నికరంగా రెండు బంట్ల నష్టం.

ఆ క్షణంలో బోర్డును ఆపి, శిక్షకుడు అడిగే ప్రశ్న నాకు ఈ కోర్సు మొత్తంలో మొదట నచ్చిన విషయం. నలుపు ఇంతవరకూ వేసిన నాలుగు ఎత్తుల్లో ఏ ఏ పావులు కదిలాయో చెప్పమంటాడు. నాలుగు ఎత్తులూ ఒకే బంటువి. ఆ బంటు ఇప్పుడు బోర్డు మీద లేదు. అంటే నలుపు ఆట ఇంకా మొదలే కాలేదు. అటువైపు చూస్తే సీ4లోని శకటు ఎఫ్7 మీదా, బీ2లోని శకటు జీ7 మీదా గురిపెట్టి ఉన్నాయి. రాజు క్యాస్లింగ్ (ఒకే ఎత్తులో రాజును మూలవైపు జరిపి ఏనుగును దాని పక్కకు తెచ్చే రక్షణ) చేసుకోవలసిన వైపు రెండు తలుపుల దగ్గరా తెలుపు కాపలా నిలబడినట్టే. బంట్లు ఇచ్చి కాలాన్ని కొనుక్కోవడం అన్న మాట అంతకుముందు ఎన్నోసార్లు విన్నాను గాని, దాని అర్థం కళ్లకు కట్టింది ఆ ప్రశ్న దగ్గరే.

చరిత్రకు కేటాయించిన పాఠం చిన్నదే అయినా పొల్లుమాట లేకుండా సాగుతుంది. డెన్మార్క్ ఆటగాడు సెవెరిన్ ఫ్రామ్ 1867 పారిస్ టోర్నమెంటులో ఈ గ్యాంబిట్‌ను ఆడటంతో దానికి ఆ దేశం పేరు స్థిరపడిందనీ, స్వీడన్‌కు చెందిన హాన్స్ లిండెన్ అంతకంటే ముందే దీన్ని ఆడాడనీ, అందుకే స్వీడన్‌లో దీన్ని నార్డిక్ గ్యాంబిట్ అంటారనీ చెబుతుంది. బ్లాక్‌బర్న్, మీసెస్, మార్షల్, అలెఖీన్ వంటి దాడి ఆటగాళ్లు దీన్ని ఇష్టపడ్డారు. 1920ల నాటికి నలుపుకు మంచి రక్షణ మార్గాలు బయటపడటంతో పెద్ద టోర్నమెంట్లలో దీని వాడకం పడిపోయింది. ఈ చివరి సంగతిని దాచకుండా మొదటి గంటలోనే చెప్పడం వల్ల శిక్షకుడి మీద నాకు నమ్మకం కుదిరింది. చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ అయిన ఇంజిన్‌ను అడిగినా రెండు బంట్లు తీసుకున్న నలుపు వైపే కొంత మొగ్గు చూపిస్తుంది. ఆ నిజాన్ని ఒప్పుకుని, ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు, గడియారం నడుస్తున్నప్పుడు ఈ స్థితిని కాపాడుకోవడం నలుపుకు ఎంత కష్టమో చూపించడమే కోర్సు ఉద్దేశం.

దాడి పాఠాల్లో మకుటం నాలుగోది. లిండెన్ గెలిచినదిగా నమోదైన ఒక చిన్న ఆటను అందులో ఎత్తు ఎత్తుకూ ఆపి చూపిస్తారు. నలుపు శకటును బీ4కు తెచ్చి చెక్ చెబుతుంది. తెలుపు గుర్రాన్ని సీ3లో అడ్డం పెడుతుంది. నల్లగుర్రం ఎఫ్6కు, తెలుపు రెండో గుర్రం ఈ2కు వస్తాయి. ఇక్కడ నల్లగుర్రం ఈ4లోని బంటును కూడా కొట్టేస్తుంది. మూడు బంట్లు తక్కువైన తెలుపు ఏమీ జరగనట్టు క్యాస్లింగ్ చేసుకుంటుంది. సీ3లో వరుసగా మార్పిళ్లు జరిగి, చివరికి అక్కడ తెల్లశకటు మిగులుతుంది. అది జీ7ను సూటిగా చూస్తోంది గనుక నలుపు మంత్రిని జీ5కు తెచ్చి ఆ గడిని కాపాడుకుంటుంది.

ఈ చోట నేను వీడియో ఆపి, నలుపు అలా కాకుండా తానూ క్యాస్లింగ్ చేసుకుంటే ఏమవుతుందని సొంతంగా వెతికాను. తర్వాత చూస్తే శిక్షకుడు కూడా అదే ప్రశ్న వేసుకున్నాడు. తెలుపు మంత్రి జీ4కు వస్తుంది, జీ7లో ఆటకట్టు అంటుంది. నలుపు జీ6 వేస్తే మంత్రి డీ4కు జరిగి అదే పొడవాటి కర్ణరేఖ మీద శకటుకు ముందు నిలబడుతుంది. ఎఫ్6 వేసి ఆ రేఖను మూద్దామంటే కుదరదు, ఎందుకంటే సీ4లోని మొదటి శకటు ఆ ఎఫ్7 బంటును రాజుకు కట్టిపడేసి ఉంచింది. రెండు శకట్లలో ఒకటి తలుపు కొడుతుంటే రెండోది గడియ తీయనివ్వకుండా పట్టుకున్నట్టు ఉంటుంది ఆ స్థితి. ఈ గ్యాంబిట్‌లో శకట్ల జోడీ విలువ ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపించే చిత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

అసలు ఆటలోకి వస్తే, తెల్ల ఏనుగు ఈ1కు వచ్చి చెక్ చెబుతుంది, నల్లరాజు డీ8కు తప్పుకుంటాడు. అప్పుడు తెలుపు ఎఫ్4 వేసి ఇంకొక బంటును మంత్రి నోటికి అందిస్తుంది. మంత్రి దాన్ని కొట్టిన మరుక్షణం జీ7 మీద కాపలా పోతుంది. శకటు జీ7ను కొట్టి మూలనున్న ఏనుగు మీద పడుతుంది. ఏనుగు జీ8కు జరుగుతుంది. తెలుపు తర్వాతి ఎత్తును చెప్పకుండా శిక్షకుడు అక్కడ రెండు నిమిషాలు మౌనంగా ఉంటాడు. నాకు ఆ రెండు నిమిషాలు చాలలేదు. తెలుపు తన మంత్రిని జీ4లో, సూటిగా నల్లమంత్రి ఎదుటే పెడుతుంది. నల్లమంత్రి దాన్ని కొడితే ఎఫ్6 గడి మీద పట్టు వదులుకుంటుంది, శకటు ఆ గడికి రాగానే ఆటకట్టు. రాజు చుట్టూ ఉన్న గళ్లను తన బంట్లూ తన శకటూ ఆక్రమించి ఉన్నాయి, ఈ8ను ఏనుగు, ఈ7ను శకటు చూసుకుంటున్నాయి. నల్లమంత్రి డీ6కు తప్పుకున్నా శకటు ఎఫ్6లోనే చెక్ చెబుతుంది. దాన్ని మంత్రితో కొట్టక తప్పదు. జీ8లోని ఏనుగు పోతుంది, దాని వెనకే ఆటకట్టు వస్తుంది. పదిహేను ఎత్తుల్లో ముగిసిన ఈ ఆటలో నలుపు మంత్రి వైపున్న గుర్రం, శకటు, మూల ఏనుగు ఒక్కసారి కూడా కదలలేదు. మొదటి పాఠంలో అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు ఇక్కడ దొరుకుతుంది.

దాని తర్వాత వచ్చే ఉచ్చుల పాఠం మాత్రం నన్ను నిరాశపరిచింది. ఉచ్చులు తప్పని కాదు. నలుపు బీ4లో చెక్ చెప్పినప్పుడు తెలుపు గుర్రాన్ని డీ2లో పెడితే, నల్లమంత్రి జీ5కు దూకి డీ2నూ జీ2నూ ఒకేసారి బెదిరించే రకం ఒకటి ఉంది, అది నిజంగా చూడవలసినదే. తెలుపు రెండో గుర్రాన్ని ఎఫ్3కు తెచ్చి మంత్రిని తరుముతుంది. మంత్రి జీ2 బంటును కొడుతుంది. ఏనుగు జీ1కు వస్తుంది. నలుపు డీ2లో గుర్రాన్ని కొట్టి చెక్ చెబుతుంది. అప్పుడు సరైన ఎత్తు రాజును ఈ2కు నడపడం. చేతికందిన శకటును గుర్రంతో కొడితే జీ1లో ఏనుగు పోతుంది, మంత్రితో కొడితే ఎఫ్3లో గుర్రం పోతుంది. రాజు స్వయంగా ముందుకు వచ్చినప్పుడే ఏనుగూ గుర్రమూ రెండూ నిలుస్తాయి, ప్రాణం కాపాడుకోవలసిన పని నల్లమంత్రి మీద పడుతుంది. ఇలాంటి వాటికి కారణం చెప్పి వదిలితే ఎంతో బాగుండేది. కాని ఆ పాఠంలో సుమారు ఇరవై ఉచ్చులు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయి; నలుపు ఎక్కడ తప్పు చేసిందో, తప్పు చేయకపోతే తెలుపు ఏ స్థితిలో మిగులుతుందో చెప్పే ఓపిక కనిపించదు. ఆ పాఠాన్ని రెండోసారి చూసినా నాకు గుర్తున్నవి మూడో నాలుగో మాత్రమే.

ఇక ఈ కోర్సును నేను అందరికీ సిఫారసు చేయడానికి అసలు కారణమైన ఏడో, ఎనిమిదో పాఠాల గురించి చెప్పాలి. కార్ల్ ష్లెక్టర్ పేరు మీద ఉన్న రక్షణ వీటి విషయం. 1910లో ప్రపంచ ఛాంపియన్ లాస్కర్‌తో పోటీని 5–5తో సమం చేసిన ఆస్ట్రియా దిగ్గజం ఆయన. ఆయన పేరిట నిలిచిన మార్గం ఈ గ్యాంబిట్‌ను ఆడేవారి ఉత్సాహాన్ని ఒక్క ఎత్తుతో చల్లార్చేస్తుంది. రెండు బంట్లు లాభంలో ఉన్న నలుపు అయిదో ఎత్తుగా డీ5 వేసి ఒక బంటును వెనక్కి ఇస్తుంది. శకటు దాన్ని కొడితే నల్లగుర్రం ఎఫ్6కు వచ్చి ఆ శకటు మీదికి వస్తుంది. తెలుపు శకటుతో ఎఫ్7ను కొట్టి చెక్ చెబుతుంది. రాజు దాన్ని చంపక తప్పదు. అలా కాపలా లేకుండా మిగిలిన నల్లమంత్రిని తెలుపు డీ8లో కొడుతుంది. ఈ వరుసను మొదటిసారి ఆడినప్పుడు గెలిచేశానని సంబరపడినవారు చాలామంది ఉంటారు. మరుసటి ఎత్తులో నల్లశకటు బీ4కు వచ్చి చెక్ చెబుతుంది, అది కదిలిన దారిలోంచి మూల ఏనుగు తెల్లమంత్రిని చూస్తుంది. మంత్రి డీ2లో అడ్డుపడటం తప్ప వేరే మార్గం లేదు. అక్కడ మంత్రీ శకటూ మారిపోతాయి.

దుమ్ము సర్దుకున్నాక బోర్డు మీద ఇరువైపులా అయిదేసి బంట్లు, రెండేసి గుర్రాలు, రెండేసి ఏనుగులు, ఒక్కొక్క శకటు మిగులుతాయి. లెక్కకు సమానమే. కాని మంత్రి వైపున నలుపుకు మూడు బంట్లు, తెలుపుకు ఒక్కటే. రాజు వైపున తెలుపుకు నాలుగు, నలుపుకు రెండు. దాడి కోసం బంట్లు ఇచ్చిన ఆటగాడు పదో ఎత్తుకే మంత్రులు లేని నిశ్శబ్దమైన స్థితిలో కూర్చోవలసి వస్తుంది. కోర్సు తీసుకోకముందు నేను ఈ స్థితిలో ఓడిన ఒక ఆట ఇప్పటికీ కళ్లముందుంది: నా ఏనుగులు రెండూ మొదటి వరుసలోనే నిలబడి, ఎక్కడ దాడి చేయాలా అని నేను రాజు వైపు గుర్రాలు తిప్పుతుండగానే, ప్రత్యర్థి సీ బంటు ఒక్కొక్క అడుగు వేసుకుంటూ సీ3 దాకా వచ్చి కూర్చుంది. అప్పటికి ఆట అయిపోయింది, నాకు తెలియడానికి ఇంకో పది ఎత్తులు పట్టింది.

ఏడో పాఠం సరిగ్గా ఆ స్థితి దగ్గర మొదలై, దాదాపు యాభై నిమిషాలు అక్కడే ఉంటుంది. దాడి ముగిసిందని ముందు మనసుకు చెప్పుకోవాలంటాడు శిక్షకుడు. రాజు వైపు క్యాస్లింగ్ చేసే అలవాటును పక్కనపెట్టి, మంత్రి వైపు క్యాస్లింగ్ చేస్తే రాజు సీ1లో నిలిచి ఆ మూడు నల్లబంట్ల దారికి అడ్డుగా ఉంటాడని చూపిస్తాడు. ఈ5 వేసి నల్లగుర్రాన్ని తరమాలని చేయి దురద పెడుతుంది గాని, ఆ బంటు అక్కడికి చేరితే బీ2లోని సొంత శకటు చూపే మూసుకుపోతుంది. అందుకే ముందు పావులను కుదురుగా నిలిపి, ఆ నాలుగు బంట్లను ఒకదానికొకటి ఆసరాగా కలిపి నడపాలన్నది ఆయన సలహా. దీన్ని ఆయన ఒక నియమంలా చెప్పి వదలలేదు. తొందరపడి ఈ5 వేసిన ఆట ఒకటి, ఆగి వేసిన ఆట ఒకటి పక్కపక్కన పెట్టి చూపించాడు. తర్వాత నేను ఇదే స్థితిని ఎనిమిదిసార్లు ఆడాను. మూడు గెలిచాను, నాలుగు సమం చేసుకున్నాను, ఒకటి ఓడాను. పాత ఆటతో పోలిస్తే, ఓడిన ఆటలో కూడా ఏ ఎత్తు దగ్గర తప్పానో నాకు తెలుసు.

ఎనిమిదో పాఠం మంత్రులను మార్చుకోవడం ఇష్టం లేనివారి కోసం. ఎఫ్7ను కొట్టే బదులు గుర్రాన్ని సీ3కు తెస్తే, నల్లగుర్రం డీ5లోని శకటును కొడుతుంది, తెల్లగుర్రం దాన్ని అక్కడే తిరిగి కొట్టి నడిబోర్డులో నిలుస్తుంది. నలుపుకు ఒక బంటు లాభం, రెండు శకట్ల జోడీ మిగులుతాయి. తెలుపుకు మంత్రి ఉంది, వేగం ఉంది. ఇంజిన్ ప్రకారం ఇది తెలుపుకు మెరుగైన దారి కాదు. ఆ మాట పాఠంలోనే చెప్పారు. అయినా తక్కువ సమయం ఉన్న ఆటల్లో నేను దీన్నే ఎంచుకుంటున్నాను, ఎందుకంటే ఎత్తులు కంఠస్థం చేసుకుని వచ్చిన ప్రత్యర్థి ఇక్కడి నుంచి తన సొంత బుర్రతో ఆడాలి.

ఇక్కడే కోర్సు సాధన బోర్డుతో నాకు పేచీ వచ్చింది. ఎనిమిదో పాఠం చివర సాధనలో సీ3కు గుర్రాన్ని తెస్తే ఎర్రగీత వేసి తప్పు అంటుంది; ఎఫ్7ను కొడితేనే ఒప్పుకుంటుంది. పాఠం అరగంట పాటు నేర్పిన ఎత్తునే సాధన బోర్డు తప్పంటే, కొత్తగా నేర్చుకునేవారు ఏది నమ్మాలి? తయారీదారులకు రాశాను, సరిచేస్తామని మర్యాదగా జవాబిచ్చారు, రెండు నెలలు గడిచినా అది అలాగే ఉంది. ఒక్క స్థితిలోనే అయినా, కోర్సులోకెల్లా ముఖ్యమైన పాఠంలో ఇలాంటి లోపం ఉండకూడదు.

అంతకంటే పెద్ద లోటు, నలుపు గ్యాంబిట్‌ను అసలు స్వీకరించకుండా మూడో ఎత్తులోనే డీ5 వేసే మార్గానికి తొమ్మిది నిమిషాలు మాత్రమే ఇవ్వడం. కాస్త చదువుకున్న ప్రత్యర్థులు నా మీద తరచుగా ఆడేది అదే. తెలుపు బంటు డీ5లో కొట్టగానే నల్లమంత్రి దాన్ని కొడుతుంది. సీ బంటుతో డీ4ను కొట్టి తెలుపు, పక్క వరుసల్లో తోడు లేని ఒంటరి బంటుతో ఆడుతుంది. గుర్రాలు సీ6కూ ఎఫ్3కూ వచ్చాక నల్లశకటు జీ4కు, తెల్లశకటు ఈ2కు, రెండో నల్లశకటు బీ4కు చెక్‌తో వస్తాయి. తెలుపు సీ3లో గుర్రాన్ని పెడితే, నలుపు ఎఫ్3లో మార్పిడి చేసి మంత్రిని సీ4కు తెస్తుంది. 1926లో అమెరికాలోని లేక్ హోపట్‌కాంగ్‌లో మార్షల్ మీద అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకా ఆడిన ఎత్తు ఇది. అక్కడి నుంచి ఆ మంత్రి ఎఫ్1ను చూస్తూ తెల్లరాజును క్యాస్లింగ్ చేయనివ్వదు, డీ4 బంటు మీదా కన్నేసి ఉంచుతుంది. తెలుపు మార్పిళ్లతో మంత్రులను తీసేసి సమానమైన ఆటతో సరిపెట్టుకోవచ్చు. కాని దాడి కోసం ఈ ఆరంభాన్ని ఎంచుకున్నవారికి ఇది మింగుడుపడే స్థితి కాదు. ఈ ఎత్తు పేరైనా కోర్సులో వినిపించదు. ఇరవై ఉచ్చులకు ఇచ్చిన సమయంలో సగం దీనికి ఇచ్చి ఉంటే సరిపోయేది. నేను ఈ భాగాన్ని వేరేచోట వెతుక్కుని, ఆరో ఎత్తు నుంచి సొంతంగా నోట్సు రాసుకోవలసి వచ్చింది.

మిగిలిన విషయాలు క్లుప్తంగా: మాట స్పష్టంగా ఉంది, బోర్డు మీద బాణాల గుర్తులు అవసరమైనంత వరకే ఉన్నాయి, చిన్న తెర మీద కూడా గళ్లు ఇబ్బంది లేకుండా కనిపిస్తాయి. సీ3లో గుర్రంతో కొట్టి ఒక్క బంటునే త్యాగం చేసే పద్ధతిని, అది గోరింగ్ గ్యాంబిట్‌తో కలిసే చోటును పదో పాఠంలో పరిచయం చేశారు. పరిచయంగా బాగుంది, ఆడటానికి మాత్రం చాలదు. ఆఖరి పాఠం ప్రశ్నల మాలిక, దాన్ని నేను ఇప్పటికీ వారానికోసారి తిరగేస్తున్నాను.

అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. పావుల కదలికలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి ఇది తొందర అవుతుంది. ఎఫ్7, జీ7 గళ్ల బలహీనత తెలిసి, రాజు వైపు దాడులు చేసి గెలిచిన అనుభవం కొంత ఉన్నవారికి బాగా ఉపయోగపడుతుంది. తీసుకునేవారికి నా సూచన ఒక్కటే: మొదటి పాఠం తర్వాత వరుస క్రమంలో వెళ్లకుండా సూటిగా ఏడో పాఠానికి వెళ్లండి, మంత్రులు లేని ఆ స్థితిని పదిసార్లు ఆడండి, ఆ తర్వాత లిండెన్ ఆట చూడండి. ఉచ్చుల పాఠాన్ని చివరికి వదిలిపెట్టినా నష్టం లేదు.